రోగశయ్యపై రంగుల పెట్టె

మనుష్యుని ఆయువును సంవత్సరములతో కొలుచుట లోకమున వాడుక. నూరేండ్లు వర్ధిల్లుమని పెద్దలు దీవింతురు. అరువది నిండినచో బంధువులు కూడి ఉత్సవము చేయుదురు. కాని ఆ సంవత్సరములలో నిజముగా జీవించినవి ఎన్ని, ఊరక గడచిపోయినవి ఎన్ని యను లెక్క ఏ పంచాంగమునందును కానరాదు. ఆరోగ్యవంతుని విషయమున ఈ ప్రశ్న అంతగా తలయెత్తదు. రేపు ఉన్నదను ధీమాతో అతడు నేటిని పారవేసినను అడుగువారు లేరు. వ్యాధిగ్రస్తుని విషయమున మాత్రము ఇది తప్పించుకొనరాని ప్రశ్న. ఏలయన, అతని రేపును గూర్చి అందరును మాటలాడుదురు. అతని నేటిని గూర్చి అడుగువారు అరుదు.

తీవ్రవ్యాధితో మంచము పట్టినవాడు ఏదేని కోరినప్పుడు ఇంటివారి నోట వెలువడు మాట ఒకటి కలదు: "ముందు కోలుకోనీ, తరువాత చూద్దాం." ఈ మాటలో ప్రేమ కలదు, జాగ్రత్త కలదు. పది దినములలో తగ్గిపోవు జ్వరమునకు ఇది చాలినంత మంచి మాట. కాని ఒక శస్త్రచికిత్స గాయము మానునంతలో మరియొకదానికి తేదీ నిర్ణయమగువారి సంగతి యేమి? వారి విషయమున ఆ 'తరువాత' ఎన్నటికిని రాదు. చదువు తరువాత, ఆట తరువాత, స్నేహము తరువాత, వృత్తి తరువాత. ఇట్లు ఒక్కొక్కటియే వాయిదాపడి, చివరకు జీవితమే వాయిదాపడిన వ్యాజ్యమువలె మిగిలిపోవును. రోగమును నయము చేయుట వైద్యుని పని. జీవితమును వాయిదా వేయకుండుట మాత్రము రోగికిని, అతని చుట్టునున్న వారికిని చెందిన పని. ఈ రెండవదానిని సంఘము ఇంకను నేర్చుకొనవలసియే యున్నది.

ఇది క్రొత్తగా నేర్వవలసిన పాఠమగుటకు ఒక కారణము కలదు. ఒకప్పుడు శస్త్రచికిత్స యనగా జన్మలో ఒక్కమారు సంభవించు ఉపద్రవము. దానిని దాటినవారు తక్కువ. 1811 సెప్టెంబరు 30న పారిస్ నగరమున ఆంగ్ల నవలా రచయిత్రి ఫానీ బర్నీకి రొమ్ము తొలగించు శస్త్రచికిత్స జరిగెను. మత్తుమందన్నది అప్పటికి లేదు. నెపోలియన్ సైన్యమున ప్రఖ్యాతుడైన లారే అను వైద్యుడు కత్తి పట్టినప్పుడు ఆమెకు స్పృహ యున్నది. ఆ అనుభవమును సోదరికి ఉత్తరముగా వ్రాయుటకు ఆమెకు నెలలు పట్టెను. అయినను ఆమె అటుపిమ్మట 28 సంవత్సరములకు పైగా జీవించి, 1814లో ఒక నవలను, 1832లో తండ్రి జీవితచరిత్రను ప్రకటించి, 1840లో కన్నుమూసెను. అంతటి అదృష్టము ఆ కాలమున నూటికొక్కరికైన దక్కినదో లేదో.

1846 అక్టోబరు 16న బోస్టన్ నగరమున ఈథరు పీల్పించి నొప్పి తెలియకుండ శస్త్రచికిత్స చేసి చూపిరి. 1867లో జోసెఫ్ లిస్టర్ కార్బాలిక్ ఆమ్లముతో గాయము కుళ్ళకుండ కాపాడు విధమును లోకమునకు వెల్లడించెను. ఈ కథలో తెలుగువారి నగరమునకును ఒక పుట కలదు. 1888, 1889 సంవత్సరములలో హైదరాబాదున నిజాము ప్రభువు ద్రవ్యసహాయముతో, రెసిడెన్సీ వైద్యుడు ఎడ్వర్డ్ లారీ నాయకత్వమున, క్లోరోఫాము మత్తు ఎంతవరకు క్షేమకరమో తేల్చుటకు రెండు పరిశోధక సంఘములు పనిచేసినవి. వారు తేల్చిన సిద్ధాంతము తరువాతి పరిశోధనలకు పూర్తిగా నిలువలేదు. ఐనను రోగి నొప్పి నెరుగకుండ నిద్రించి, క్షేమముగా మేల్కొనవలెనను తపన ఈ నేలమీదను ఆ నాడే మొలకెత్తినదని ఆ ప్రయత్నము చాటుచున్నది.

ఈ విజయములన్నింటి ఫలముగా నేడు ఒక క్రొత్త స్థితి యేర్పడినది. పూర్వము మరణించియుండువారు నేడు బ్రతుకుచున్నారు. కాని పలుమార్లు కత్తికి మేనొగ్గి బ్రతుకుచున్నారు. గ్రహణపు మొఱ్ఱితో పుట్టిన శిశువునకు పెరుగుదలతోపాటు దశలవారీగా చికిత్సలు జరుగవలెను. చిన్ననాట గుండెలో కృత్రిమ కవాటము అమర్చిన బాలునకు శరీరము పెరిగినకొలది అది చాలక మరల మార్చవలసివచ్చును. మెదడులో నీరు చేరిన బిడ్డకు అమర్చిన గొట్టము పూడిపోయినచో మరల తల విప్పవలసివచ్చును. అగ్నిప్రమాదమున కాలిన చర్మము ముడుచుకొనిపోయి కీళ్ళను పట్టివేయగా, ఒక్కొక్క కీలును విడిపించుటకు ఒక్కొక్క చికిత్స. వీరందరికిని రోగము ఇంటికి వచ్చి వెళ్ళిపోవు అతిథి కాదు. అదే గదిలో కాపురముండు సహవాసి. అట్టి సహవాసిని వెళ్ళగొట్టిన పిమ్మటనే జీవించుట మొదలిడవలెననుట అన్యాయము. దానితో కూడనే జీవించుట యెట్లన్నదే ప్రశ్న.

ఈ ప్రశ్నకు ప్రాచీన భారతీయ వైద్యమున ఒక చక్కని సూచన కలదు. చికిత్సకు పాదములు నాలుగని చరకసంహిత చెప్పినది. వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. నాలుగవ పాదము రోగియే యనుట గమనింపదగినది. అతడు చికిత్సకు గురియగు వస్తువు కాదు, చికిత్స చేయువారిలో ఒకడు. అతనికి ఉండవలసిన గుణములను గూడ నాలుగుగా పేర్కొనిరి: జ్ఞాపకశక్తి, చెప్పినది పాటించుట, నిర్భయత్వము, తన బాధను తెలియజెప్పగల నేర్పు. పరిచారకుని గుణములలో సేవా పరిజ్ఞానము, నేర్పు, శుచిత్వములతోపాటు అనురాగమును చేర్చిరి. భయపడకుండుట రోగి గుణములలో ఒకటియైనచో, ఆ భయమును పోగొట్టు సాధనము అతని చేతికి ఎవరో ఒకరు అందింపవలెను గదా! ఆ సాధనమేది?

మెక్సికో దేశపు చిత్రకారిణి ఫ్రీడా కాలో జీవితము ఈ ప్రశ్నకు ఒక సమాధానము చెప్పుచున్నది. ఆమె 1907 జులై 6న రాజధాని పొలిమేరలోని కొయొవాకాన్ గ్రామమున జన్మించెను. ఆరవ యేట పోలియో సోకి కుడికాలు సన్నబడెను. ఐనను ఆమె చదువు మానలేదు. 1922లో జాతీయ సన్నాహక పాఠశాలలో, వేలకొలది బాలుర నడుమ కొలదిమంది బాలికలలో ఒకతెగా చేరెను. వైద్యురాలు కావలెనని ఆమె సంకల్పము. 1925 సెప్టెంబరు 17న ఆమె ప్రయాణము చేయుచున్న బస్సును ఒక ట్రాముబండి ఢీకొట్టెను. ఇనుపకమ్మి ఆమె కటిప్రదేశమున దూసికొనిపోయెను. వెన్నెముక, ప్రక్కటెముకలు, మెడ క్రింది యెముక విరిగినవి. కుడికాలు పలుచోట్ల విరిగి, పాదము నలిగిపోయెను. అప్పటికి ఆమె వయస్సు 18 సంవత్సరములు. వైద్యురాలు కావలెనన్న కల ఆ దినముతోనే ముగిసెను.

నెలల తరబడి కదలకుండ పరుండవలసిన ఆ బాలికకు తలిదండ్రులు చేసినది గమనింపుడు. తండ్రి ఛాయాచిత్రకారుడు. చిత్రలేఖనము అతని విరామ వ్యాసంగము. తాను ప్రాణప్రదముగా చూచుకొను తైలవర్ణముల పెట్టెను, కుంచెలను కుమార్తెకు ఇచ్చెను. తల్లి వడ్రంగిని పిలిపించి, పరుండియే చిత్రించుటకు వీలగు చట్రమొకటి చేయించెను. మంచపు పైకప్పున అద్దమొకటి బిగింపబడెను. చూచుటకు మరియొక లోకము లేని ఆ యువతి తన ముఖమునే చూచి చిత్రించుట మొదలిడెను. 1926లో ఆమె తొలి స్వీయచిత్రము సిద్ధమయ్యెను. ఆ అద్దములో ఇతరులు చూచియుండునది కేవలమొక రోగి. ఆమె చూచినది ఒక వస్తువు, ఒక సమస్య, ఒక పని. పని దొరకినంతనే కాలము శత్రువు కాకుండ పోయెను.

అటుపిమ్మట ఆమె బ్రతికిన 28 సంవత్సరములకు పైబడిన కాలములో 30కి పైగా శస్త్రచికిత్సలు జరిగినవని ఆమె చరిత్రకారులు లెక్కింతురు. పలస్త్రీ కట్లు, తోలు కట్లు, ఉక్కు కట్లు ఆమె నడుమును ఒకదాని పిమ్మట ఒకటిగా బంధించినవి. ఆ పలస్త్రీ కట్లపైననే ఆమె బొమ్మలు వేసెను. 1944లో చిత్రించిన 'విరిగిన స్తంభము' అను చిత్రమున వెన్నెముకకు మారుగా పగుళ్ళువారిన గ్రీకుస్తంభము, ఒడలెల్ల మేకులు, కన్నుల నీరు. ముఖము మాత్రము చూపరిని నేరుగా చూచుచున్నది. 1946లో న్యూయార్కున వెన్నెముకకు చికిత్స జరిగెను. 1950లో ఎముక అతికిన తావు చీము పట్టగా పలుమార్లు మరల కోయవలసివచ్చి, ఆ సంవత్సరములో అధికభాగము ఆసుపత్రియందే గడచెను. అచటను మంచమునకు చట్రము అమర్చుకొని పనిచేసెను. 1951లో తనకు చికిత్స చేసిన వైద్యుడు ఫరీల్ చిత్తరువును చిత్రించి, దాని ప్రక్కన చక్రముల కుర్చీలో కూర్చుండియున్న తనను చిత్రించుకొనెను. అది కృతజ్ఞత మాత్రమే కాదు. చికిత్స యను కార్యమున తానును సమాన భాగస్వామినని ప్రకటించుట. చరకుడు చెప్పిన నాలుగవ పాదమునకు ఇంతకంటె చక్కని నిదర్శనము దొరకదు.

ఐతే ఇచట ఒక హెచ్చరిక అవసరము. ఇట్టి జీవితములను చెప్పునప్పుడు వక్తలు సాధారణముగా వారిని సహనదేవతలుగా మలచి గూటిలో కూర్చుండబెట్టుదురు. ఫ్రీడా కాలో అట్టి దేవత కాదు. నొప్పికి తాళలేక మద్యమును ఆశ్రయించెను, మందులకు లోబడెను, 1953 ఆగష్టులో కుళ్ళిన కుడికాలును మోకాలి క్రింద తొలగించిన పిమ్మట తీవ్రమైన నిరాశలో మునిగెను. ఆమె వైవాహిక జీవితము తుపానులతో నిండినది. ఈ సంగతులను దాచినచో ఆమె గొప్పతనము పెరుగదు. వినుచున్న రోగికి మాత్రము కీడు జరుగును. "ఆమె నవ్వుచు భరించినది, నీవేల ఏడ్చుచున్నావు?" అను ప్రశ్న పుండుమీద కారము చల్లుటయే. ఏడ్చుటకు రోగికి హక్కు కలదు. కోపపడుటకు హక్కు కలదు. ఏ దినముననైన ఏమియు చేయక గోడవైపు తిరిగి పరుండుటకును హక్కు కలదు. నిండుగా జీవించుట యనగా నిత్యము నవ్వుచుండుట కాదు. దుఃఖమునకు ఒక గది ఇచ్చి, ఇల్లంతయు దానికి అప్పగింపకుండుటయే.

ఫ్రాన్సు దేశపు చిత్రకారుడు ఆన్రీ మతీస్ జీవితమున రోగశయ్య రెండుమార్లు మలుపు త్రిప్పినది. ఇరువది యేండ్ల ప్రాయమున అతడు న్యాయవాది కార్యాలయమున గుమాస్తా. ఆంత్రపుచ్ఛపు వ్యాధితో మంచము పట్టినప్పుడు, ప్రొద్దు పోవుటకని తల్లి ఒక రంగుల పెట్టె తెచ్చి యిచ్చెను. లేచిన పిమ్మట అతడు మరల గుమాస్తాగా మిగులలేదు. అర్ధ శతాబ్ది గడచిన పిమ్మట 1941లో, 71వ యేట, పేగులోని కాన్సరునకు లియాన్ నగరమున శస్త్రచికిత్స జరిగెను. ప్రాణాపాయము తప్పినది గాని నిలువబడి పనిచేయు శక్తి పోయెను. మంచమునను, చక్రముల కుర్చీలోను గడుపవలసివచ్చెను. నిలువెత్తు గుడ్డపై కుంచె ఆడించిన చేయి అది. అతడు కుంచెను విడిచి కత్తెర పట్టెను. సహాయకులు కాగితములకు రంగులు పూయగా, వానిని కత్తిరించి, గోడలపై అమర్పించి, ఒక నూతన కళనే సృష్టించెను. 1947లో 'జాజ్' అను గ్రంథము వెలువడెను. వాన్స్ పట్టణమున అతడు రూపకల్పన చేసిన ప్రార్థనా మందిరము 1951లో ప్రారంభమయ్యెను. శస్త్రచికిత్స పిమ్మట లభించిన ఆ 13 సంవత్సరములను అతడు రెండవ జన్మముగా భావించెను.

మతీస్ కథలోని నీతి పట్టుదల మాత్రమే కాదు. పట్టుదల గలవాడు కుంచెనే పట్టుకొని కూర్చుండి, అది చేత నిలువక విసిగి మరణించియుండవచ్చును. అతడు చేసినది పనిముట్టును మార్చుకొనుట. పోయినదానిని పోయినదిగా అంగీకరించి, మిగిలినదానితో ఏమి చేయగలనని చేతిని అడుగుట. "బ్రతికియుంటే బలుసాకు తినవచ్చు" నని తెలుగు సామెత. ఆ సామెతను సామాన్యముగా సరిపెట్టుకొనుటకు వాడుదురు. మతీస్ దానిని వేరొక రీతిగా ఋజువు చేసెను: బలుసాకుతో విందు చేయుట నేర్చినవానికి అది సరిపెట్టుకొనుట కాదు, క్రొత్త వంట.

మనస్తత్వ శాస్త్రవేత్త సిగ్మండ్ ఫ్రాయిడ్ ఉదాహరణము వేరొకటి. 1923లో, 67వ యేట, అతని అంగుడియందు కాన్సరు కనబడెను. ఆ యేడే దవడలో పెద్దభాగమును తొలగించిరి. నోటికిని ముక్కునకును నడుమ ఏర్పడిన రంధ్రమును మూయుటకు కృత్రిమ దవడ నొకదానిని అమర్చిరి. దానిని పెట్టుటయు తీయుటయు నిత్యనరకము. మాట మారెను, కుడిచెవి వినబడకుండ పోయెను. 1939లో మరణించువరకు 30కి పైగా శస్త్రచికిత్సలు జరిగినవి. ఆలోచన మసకబారునేమోనని తీవ్రమైన నొప్పిమందులను చాలకాలము నిరాకరించి, రోగులను చూచుచు, గ్రంథములు వ్రాయుచునే యుండెను. 1930లో గేటే బహుమానము లభించినప్పుడు తాను మాటలాడలేని స్థితిలో నుండుటచే కుమార్తె అన్నా వెళ్ళి అతని ప్రసంగమును చదివెను. ఐనను ఇంతటి నిగ్రహశాలి చుట్టలు కాల్చుట మానలేకపోయెననుట దాచరాని సంగతి. వైద్యులు వలదన్నను మానలేదు. మేధాశక్తి వేరు, ఆత్మసంయమము వేరు. చరకుడు చెప్పిన నాలుగు గుణములలో మూడు కలిగినవానికిని నాలుగవది కొరవడవచ్చునని విద్యార్థులు గ్రహింపవలెను.

ఈ ముగ్గురును ప్రసిద్ధులు. వారికి ధనమో, పరిచారకులో, మిత్రులో ఉండిరి. సామాన్యునకు ఏమి యుండునని ఎవరైన ప్రశ్నింపవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనది. దానికి సమాధానము తెలుగు ప్రేక్షకులు ఎరిగిన ఒక ఉదాహరణములోనే కలదు. నర్తకి సుధాచంద్రన్ 1981లో బస్సు ప్రమాదమున గాయపడి, ఆ గాయము కుళ్ళుటచే కుడికాలు పోగొట్టుకొనెను. కృత్రిమ పాదముతో సాధన చేసి 1984లో మరల రంగమెక్కెను. ఆమె కథయే తెలుగున సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వమున 'మయూరి' చిత్రమయ్యెను. అందు ఆమెయే నటించెను. ఆ చిత్రమును చూచినవారందరు ఆమె ధైర్యమునకు చప్పట్లు కొట్టిరి. తగినదే. కాని ఆ ధైర్యమునకు ఆధారముగా నిలిచిన పాదము ఎచటిది? జయపురమున రామచంద్రశర్మ అను శిల్పియు, ప్రమోద్ కరణ్ సేఠీ అను వైద్యుడును కలసి, ఈ దేశపు జనులు నేలపై కూర్చుండుటకు, చెప్పులు లేక నడచుటకు అనువుగా రబ్బరుతో రూపొందించిన చవుకపాదము అది. ధైర్యమొక్కటియే నర్తింపలేదు, దానికి కాలు కావలసివచ్చెను. ఆ కాలును ఒక శిల్పి చేసెను.

కావున రోగికి ధైర్యము చెప్పి చేతులు దులుపుకొనుట సంఘమునకు చెల్లదు. 2007లో ఆంధ్రప్రదేశమున ఆరోగ్యశ్రీ పథకము ఆరంభమైన పిమ్మట, పూర్వము ఆసుపత్రి గుమ్మమెక్కలేని పేదవారికి పెద్ద శస్త్రచికిత్సలు అందుబాటులోనికి వచ్చినవి. గుండెకు చికిత్స జరిగిన కూలివాని బిడ్డ నేడు పల్లెబడిలో బల్లపై కూర్చుండియున్నాడు. అతని ప్రాణము నిలిపిన ఘనత వైద్యునిది, పథకమునది. అతని బ్రతుకును నిలుపవలసినది ఎవరు? ఆసుపత్రి వానిని ఇంటికి పంపినది; ఇల్లు వానిని బడికి పంపినది. ఇక బడి వానిని ఎచటికి పంపును? ఉపాధ్యాయుని బాధ్యత ఇచటనే మొదలగుచున్నది.

హాజరుపట్టీలో వరుసగా నెలరోజులు రానివాని పేరునకు ఎదుట గుర్తులు మాత్రమే కనబడును. వానివెనుక మంచము కనబడదు. తిరిగివచ్చిన బాలుని తరగతి రెండు విధములుగా బాధించును. ఒకటి ఎగతాళి: ఛాతీపై మచ్చకొక పేరు, నడకకొక పేరు. రెండవది జాలి: "పాపం, వాడిని అడగవద్దు, వాడిచేత చదివించవద్దు." ఎగతాళిని ఉపాధ్యాయుడు వెంటనే ఖండించును, జాలిని మంచిగుణమని మెచ్చుకొనును. నిజమునకు రెండవదియే లోతుగా గాయపరచును. ఎగతాళి చేయువాడు వానిని తనవలె కాదనుచున్నాడు. జాలిపడువాడు వాని నుండి ఏమియు రాదనుచున్నాడు. ప్రశ్న అడుగబడని విద్యార్థి తరగతిలో ఉన్నను లేనివాడే.

ఈ విషయమున చట్టము ఒక అడుగు ముందే యున్నది. నిర్బంధ విద్యాహక్కు చట్టమునకు 2012లో జరిగిన సవరణ, తీవ్ర వైకల్యము గల బాలలకు ఇంటియొద్దనే విద్య పొందు అవకాశమును కల్పించినది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము తలసీమియా, హీమోఫీలియా, సికిల్‌సెల్ వంటి రక్తవ్యాధులను కూడ తన పరిధిలోనికి తెచ్చినది. కాని చట్టము గుమ్మమువరకే రాగలదు. లోనికి రావలసినది మనుష్యుడు. ఆసుపత్రిలోనున్న బాలునకు పాఠపు నోటుపుస్తకమును చేరవేయుటకు ప్రభుత్వపు ఉత్తరువు అక్కరలేదు. వారమునకొకమారు ఒక సహాధ్యాయి వెళ్ళి, "ఈ లెక్క మాకెవరికీ రాలేదు, నీకేమైన వచ్చునేమో చూడు" అని అడిగినచో, ఆ లెక్కయే వానికి రంగుల పెట్టె. గాయమును గూర్చి అడుగువారు పదిమంది యుందురు. లెక్కను గూర్చి అడుగువాడు ఒక్కడుండిన చాలును.

పెద్దల పరామర్శ పద్ధతిని గూర్చియు ఒక మాట చెప్పక తప్పదు. చేతిలో బత్తాయిలు, నోట పరుల చావుకథలు. "మా పెదనాన్నకూ సరిగ్గా ఇదే వచ్చింది" అని మొదలిడి, ఆ పెదనాన్న ఎట్లు పోయెనో రోగి యెదుటనే వర్ణించువారు ప్రతి యూరను కలరు. ఏ జన్మలో ఏ పాపము చేసెనో యని నిట్టూర్చువారును కలరు. ఆ మాట రోగిని ఒకేమారు బాధితునిగను నేరస్థునిగను నిలబెట్టును. వ్యాధికి కారణము క్రిమియో, జన్మలోపమో, ప్రమాదమో అగును, నేరము కాదు. పరామర్శకు వెళ్ళువారు పండ్లతోపాటు ఒక పనిని గూడ తీసికొనిపోవలెను. దర్జీకి ఒక రవికె కొలత, రైతునకు ఒక విత్తనపు సందేహము, గాయకునకు ఒక రాగము, పండితునకు ఒక పద్యపు టర్థము. సలహా అడుగబడినవాడు ఆ క్షణమున రోగి కాడు.

ఈ విషయమున ఫ్రీడా కాలో శిష్యులు చూపిన మార్గము ఉపాధ్యాయ విద్యార్థు లిరువురికిని ఆదర్శప్రాయము. 1943లో ఆమె మెక్సికో నగరపు చిత్రకళాశాలలో ఉపాధ్యాయురాలుగా చేరెను. కొలదికాలమునకే ఆమె శరీరము ప్రయాణమునకు లోబడలేదు. కళాశాల మరియొక ఉపాధ్యాయుని నియమించి, ఆమెను విశ్రాంతి తీసికొమ్మనియుండవచ్చును. విద్యార్థులే కొయొవాకానులోని ఆమె ఇంటికి వచ్చుట మొదలిడిరి. ప్రయాణపు శ్రమకు కొందరు మానుకొనగా నలుగురు మిగిలిరి. ఆమె తోటయే తరగతియయ్యెను. సమీపమునగల పానశాల గోడపై ఆమె పర్యవేక్షణమున శిష్యులు బొమ్మలు వేసిరి. ఆ నలుగురిని లోకము ఆమె పేరుతోనే పిలిచెను. ఆమె వారికి చిత్రకళ నేర్పెను. వారామెకు ఉపాధ్యాయురాలుగా మిగులు అవకాశ మిచ్చిరి. ఎవరు ఎవరికి ఋణపడిరో చెప్పుట కష్టము.

1953 ఏప్రిలులో, మెక్సికోలో ఆమె చిత్రములకు మాత్రమే ఉద్దేశింపబడిన తొలి ప్రదర్శనము ఏర్పాటయ్యెను. వైద్యులు మంచము దిగరాదనిరి. ఆమె మంచమును ముందుగా ప్రదర్శనశాలకు పంపించి, తాను ఆసుపత్రిబండిలో వచ్చి ఆ మంచముపై పరుండియే అతిథులను పలుకరించెను. వైద్యుల మాట జవదాటలేదు, వేడుకను వదలుకొనలేదు. మరుసటి యేడు జులై 13న, 47వ యేట, ఆమె కన్నుమూసెను. ఆమె కడపటి చిత్రములలో ఒకటి కోసిన పుచ్చకాయల చిత్రము. ఎఱ్ఱని గుజ్జు, నల్లని గింజలు, పచ్చని తొక్క. ఒక ముక్కపై జీవితమునకు జయము పలుకుచు వ్రాసిన అక్షరములు. అంతటి నొప్పి అనుభవించినచేయి జీవితమునకు జయము పలికినది. దానిని దూషించుటకు ఆ చేతికి హక్కు లేకపోలేదు.

శస్త్రచికిత్సల సంఖ్యను ఆసుపత్రి కాగితములు చెప్పును. వాని నడుమ మిగిలిన దినముల విలువను చెప్పు కాగితము ఏదియు లేదు. ఆ దినములు విరామములు కావు, అవియే జీవితము. వానిని నింపుకొను సత్త్వము రోగిది. అందుకు సాధనము అందించు ధర్మము చుట్టునున్నవారిది. ఒక తండ్రి తన రంగుల పెట్టె నిచ్చెను, ఒక తల్లి మరియొక పెట్టె నిచ్చెను, ఒక శిల్పి పాదము నిచ్చెను, నలుగురు విద్యార్థులు తమ హాజరు నిచ్చిరి. ఏ గ్రామములోని ఏ మంచముకడనైనను ఇచ్చుటకు ఏదో ఒకటి ఉండియే తీరును. "ముందు కోలుకోనీ" యను మాటకు మారుగా "ఇదిగో, ఇది పట్టుకో" అను మాట ఇంటింట అలవాటైన నాడు, వ్యాధి ఇంట కాపురమున్నను ఆ ఇంటికి యజమాని మాత్రము కాజాలదు.